రాత్రి క్యారేజీ పెట్టిన అభ్యంతరం

నాయనకు,

నీ కూతురు సుగుణ ప్రభువు పేరట వందనాలు చెప్పుకుంటూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, అమ్మ మోకాళ్ళు, నీ మేకలు అందరూ బాగున్నారని తలుస్తాను. చూలు మేక ఈనిందా? బోరులో నీళ్ళు వస్తున్నాయా, లేక మళ్ళీ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెడుతున్నారా? నా గురించి బెంగ వద్దు. వేళకు తింటున్నాను. వేళ అంటే ఇక్కడి నా వేళ. మీరు పొద్దున చద్దన్నం తినేటప్పుడు నాకు ఇక్కడ నడిరాత్రి భోజనం.

ఫోన్లు చేతిలో పెట్టుకుని ఈ ఉత్తరమేంది అని అమ్మ అంటుంది. ఫోన్ చేస్తే నువ్వు "బాగున్నావా మ్మా" అని ఒక్క మాట అడిగి, నేను నోరు తెరిచే లోపల "అమ్మకిస్తా ఉండు" అంటావు. అమ్మ స్పీకరు పెడుతుంది. ఇక ఆ మాటలు నేను నీకు చెప్పినట్టు కాదు, వీధికి చెప్పినట్టు. వాయిస్ మెసేజ్ పెడితే అది చిన్నాయన ఫోనుకు పోయి, అక్కడి నుంచి సంఘం గ్రూపులో తేలుతుంది. కాగితం అయితే నువ్వు కళ్ళజోడు తుడుచుకుని, వేపచెట్టు కింద మంచం వాల్చుకుని, ఆఖరు దాకా చదువుతావని నాకు నమ్మకం. ఇక్కడి మన తెలుగు సహవాసంలో ఉండే రత్నక్క ఒంగోలు వస్తున్నది. శనివారం పొద్దునకల్లా వాళ్ళ తమ్ముడి చేత ఇది నీ చేతికే ఇప్పిస్తానన్నది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పోయిన ఆదివారం చర్చిలో నా పెండ్లి ప్రకటన చదివినప్పుడు, ఆరాధన లైవ్ వీడియో కింద అభ్యంతరం ఉన్నదని రాసింది ఏలియా బావ కాదు. నేను.

ఆగు నాయనా. లేవకు. ముందు మంచినీళ్ళు తాగు. నేనేమీ తప్పు దారి పట్టలేదు. ఇక్కడ ఎవరినీ చూసుకోలేదు. నా ఆరోగ్యం బాగుంది, బుద్ధి కూడా బాగానే ఉంది. మొదటి నుంచి చెప్తాను, విను.

ఈ పరాయి దేశంలో నేను పని చేసే ముసలివాళ్ళ ఆశ్రమంలో రాత్రి డ్యూటీ ఎట్లా ఉంటుందో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. బయట చలి. చలి అంటే మన దొనకొండ స్టేషన్లో తెల్లవారుజామున రైలు కోసం నిలబడినప్పటి చలి కాదు, చెవులు ఉన్నాయో లేవో తడుముకుని చూసుకునే చలి. లోపల మాత్రం వెచ్చగా ఉంటుంది. రాత్రంతా ఒక్కొక్క గదికి పోయి ముసలివాళ్ళను పక్కకు తిప్పడం, పక్క గుడ్డలు మార్చడం, దాహమైతే నీళ్ళు పట్టడం. పనిలో చేరినప్పుడు వాళ్ళు మొదట నేర్పింది ఒకటే. అడగకుండా ఏదీ చేయకూడదు. ఒక పెద్దావిడ ఉన్నది, మాట పడిపోయింది. ఆమె దుప్పటి సర్దాలన్నా ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి, "సర్దనా అమ్మా?" అని అడగాలి. రెప్ప వేస్తే సరే అన్నట్టు. మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు. వద్దంటే ఊరుకుని, కాసేపాగి మళ్ళీ పోవాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మన దగ్గర ముసలివాళ్ళను అడిగేదేముంది, రెక్క పట్టి లేపి నోట్లో ముద్ద పెడతాము, అదే ప్రేమ అనుకుంటాము. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

తిండి సంగతి అడుగుతావు కాబట్టి చెప్తున్నాను. శనివారం సాయంత్రం ఇక్కడి చర్చి వెనక హాల్లో మన తెలుగువాళ్ళు పది ఇళ్ళవాళ్ళు కూడుకుంటాము. ప్రార్థన అయినాక భోజనం. రత్నక్క పులిహోర, ఎవరో ఒకరు కోడికూర. మిగిలింది అక్క నా క్యారేజీలో సర్ది, "నైట్‌లో తిను, బ్రెడ్డు ముక్కలు తిని కడుపు మాడ్చుకోవద్దు" అంటుంది. అది అర్ధరాత్రి వంటగదిలో వేడి చేసుకుని తింటుంటే, పక్కన ఎవరూ లేని ఆ నిశ్శబ్దంలో ఏడుపు వచ్చేది. మనిషి ఒంటరిగా తింటే అన్నం గొంతు దిగదని అప్పుడు తెలిసింది.

అందుకే ఒక ఛానెల్ పెట్టుకున్నాను. కంగారుపడకు, నా ముఖం కనపడదు. క్యారేజీ గిన్నెలు, నా చేతులు, అంతే. ఈ రోజు గోంగూర, ఈ రోజు చింతకాయ పచ్చడి, ఈ రోజు రొట్టె మాడింది అని చెప్పుకుంటూ తింటాను. దాని పేరు రాత్రి క్యారేజీ. రాత్రిపూట మేలుకునేవాళ్ళు చూస్తారు. లారీ డ్రైవర్లు, హాస్టల్ వాచ్‌మెన్లు, కువైట్‌లో ఇళ్ళ పని చేసే అక్కలు. "మాదీ ఇప్పుడే మూత తీసినాం చెల్లీ" అని రాస్తారు. వాళ్ళ పేర్లు తప్ప ముఖాలు తెలియవు, అయినా అందరం ఒక పంక్తిలో కూర్చున్నట్టే ఉంటుంది. ఇంట్లో చెప్పలేదు, చిన్నాయనకు తెలిస్తే పరువు పోయిందంటాడని. మన వైపు నుంచి దాన్ని చూసేది ఏలియా బావ ఒక్కడే. మార్కాపురం బస్టాండు దగ్గర రాత్రంతా ఎగ్ నూడిల్స్ బండి పెట్టుకుని నిలబడతాడు కదా, బేరం లేనప్పుడు చూస్తాడు. పచ్చడిలో నూనె తక్కువైందని వంక కూడా పెడతాడు.

ఇక పెండ్లి సంగతి. దర్శి సంబంధం చిన్నాయన తెచ్చినప్పుడు నేను కాదనలేదు, నిజమే. ఫొటో చూశాను, బాగున్నాడు. జయరాజు ఫోన్ చేశాడు, మర్యాదగా మాట్లాడాడు. రెండోసారి చేసినప్పుడు అడిగాడు, "ఆడ చలి ఎక్కువంట గదా, కోటు ఈడ కొనాల్నా, ఆడికొచ్చినాక కొనుక్కోవచ్చా?" అని. ఎక్కడికి వచ్చినాక అన్నాను. "పెండ్లయినాక ఆర్నెల్లలో నన్ను పిలిపించుకుంటావంట గదా, మీ చిన్నాయన చెప్పినాడు. సెల్లు దుకాణం తమ్మునికి రాసిస్తాండా" అన్నాడు. నాయనా, ఆ మాట అబద్ధం. నాలాంటి పని మీద వచ్చినవాళ్ళు భర్తను, పిల్లలను ఇక్కడికి తెచ్చుకునే వీలు ఇప్పుడు లేదు. నేను రాకముందే ఆ దారి మూసేశారు. ఈ ముక్క చిన్నాయనకు నేను వచ్చిన కొత్తలోనే చెప్పాను.

వెంటనే చిన్నాయనకు ఫోన్ చేశాను. "తెలుసులేమ్మా" అన్నాడు. "మరి అట్ల ఎందుకు చెప్పినావు?" అంటే, "నూరు అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయమన్నారు. నేను ఆడింది ఒక్కటే. పెండ్లయినాక వాడే సర్దుకుంటాడు. నీ వయసెంతో గుర్తుందా? ఇప్పుడు నోరు మూసుకో" అన్నాడు. చిన్నాయన చెడ్డవాడని నేను అనడం లేదు. నా ప్రయాణానికి హైదరాబాదు దాకా తోడు వచ్చింది ఆయనే, విమానం ఎగిరే దాకా బయట నిలబడింది ఆయనే. ఊళ్ళో నా గురించి ఎవరైనా ఒక మాట అంటే ఆయనకు నిద్ర పట్టదు. కానీ ఆ ప్రేమతోనే ఆయన ఒక మనిషి బతుకు మీద అబద్ధం కట్టాడు, దాని మీద నన్ను కూర్చోమంటున్నాడు.

జయరాజుకు నేనే చెప్పాను, ఇక్కడికి రావడం కుదరదని. అతను నవ్వాడు. "మీ చిన్నాయన ముందే అన్నాడులే, పిల్ల సిగ్గుతో ఏదో ఒకటి అంటది, పట్టించుకోవద్దని" అన్నాడు. నేను నిజం చెప్తే సిగ్గు. అమ్మకు చెప్తే, "మొగోళ్ళు మాట్లాడుకుంటాండారు, నువ్వు ఊరుకో" అన్నది. నీకు చెబుదామని ఫోన్ చేస్తే "అమ్మకిస్తా ఉండు" అన్నావు. చర్చి గంట కొట్టడం తప్ప మీ నాయనకు ఇంకొక శబ్దం చేయడం రాదని అమ్మ ఊరికే అనదు.

మూడు ఆదివారాలు చదివే ప్రకటనలో మొదటి రోజు నేను రాత్రి డ్యూటీలోనే ఉన్నాను. మన ఆరాధన మొదలయ్యే వేళకు ఇక్కడ ఇంకా చీకటి. క్యారేజీకి ఫోన్ ఆనించి చూశాను. పాస్టరయ్యగారు మన ఇంటి పేరు చదివారు. "ఈ వివాహమునకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను" అని ఆయన మగవాళ్ళ వైపు చూశారు, ఆడవాళ్ళ వైపు చూశారు. వెనక చెప్పుల దగ్గర ఆడుకునే పిల్లల వైపు కూడా చూశారు. ఎవరూ కదల్లేదు. నువ్వు తలుపు దగ్గర గంట తాడు పట్టుకుని నిలబడి ఉన్నావు. ఊరంతటినీ అడిగారు నాయనా. పెండ్లి ఎవరిదో ఆ మనిషిని అడిగినవాళ్ళు లేరు. ఆ తర్వాత నేను పోయి, మాట రాని ఆ పెద్దావిడను దుప్పటి సర్దనా అని అడిగాను.

రెండో ఆదివారం మళ్ళీ అదే మాట చదివారు. నా వేళ్ళు నా మాట వినలేదు. "నాకు అభ్యంతరము ఉన్నది. దాని కారణము సంఘమునకు చెప్పుకొనెదను" అని రాశాను. నా పేరుతో పోతుందనే అనుకున్నాను. అంతకు ముందే వీడియో పెట్టినందువల్ల ఫోన్ ఇంకా ఛానెల్ ఖాతాలోనే ఉండి, అది రాత్రి క్యారేజీ పేరున పోయింది. పాస్టరమ్మగారికి అలవాటు కదా, కామెంట్లలో వచ్చే ప్రార్థన మనవులన్నీ వరసగా పైకి చదువుతుంది. "వెలిగండ్ల నుంచి శాంతమ్మగారు, జ్వరము కొరకు. దర్శి నుంచి ఒక సహోదరుడు, ఉద్యోగము కొరకు. రాత్రి క్యారేజీగారు, నాకు అభ్యంతరము ఉన్నది..." అని చదివేసి నోటి మీద చెయ్యి వేసుకున్నది. లైవ్ తీస్తున్న ఫోన్ ఎవరో బోర్లా పెట్టినట్టున్నారు, చీకటైపోయింది. మాటలు మాత్రం వినపడుతున్నాయి. "ఎవడ్రా వాడు?" అన్నది చిన్నాయన గొంతు. ఆ తర్వాత అది కూడా ఆగిపోయింది.

నేను వెంటనే ఫోన్ చేసి చెప్పాల్సింది. చేశాను. అమ్మ ఎత్తింది, ఎత్తగానే ఏడుపు. "మీ బావే సుగుణా! ఏలియా గాడే! రాత్రి బండి ఎవనిది? క్యారేజీలు కట్టి ఇచ్చేది ఎవడు? నిన్ను ఇయ్యలేదని ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నాడు!" అన్నది. వెనక చిన్నాయన, ఇంకా ఎవరెవరో. "నేనే అమ్మా" అంటూనే ఉన్నాను. "నీకు తెల్వదు, నువ్వు పెట్టెయ్" అని చిన్నాయన ఫోన్ లాక్కుని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఏలియా బావ మాత్రం మంగళవారం రాత్రి చేశాడు. బండి దగ్గర పెనం చప్పుడు వినపడుతోంది. "నువ్వే గదా సుగుణా?" అన్నాడు. అవునన్నాను. "నేను చెప్పను. చెప్తే నువ్వు చెప్పుకోవాల. పెద్దలు పిలిచినారు, నాకు తెల్వదన్నా. నిప్పు లేందే పొగ రాదంట, మీ చిన్నాయన అంటాండాడు. కరుణ రెండు దినాల నుంచి నాతో పలకడం లేదు, పిల్లల్ని తీసుకుని గిద్దలూరు పుట్టింటికి పోతానంటాంది" అన్నాడు. మన పిచ్చి చూడు నాయనా. పెండ్లయి ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడో పెద్దవాళ్ళు అనుకుని వదిలేసిన మాటకు ఇప్పుడు పగబట్టాడంట. ఈ మూడో ఆదివారం ఆరాధనలో లేచి క్షమాపణ చెప్పాలంట, చెప్పకపోతే ప్రభుబల్ల నుంచి తప్పిస్తారంట, రొట్టె, రసం ఇవ్వరంట. క్షమాపణ చెప్తే చేసినట్టే అవుతుంది, చెప్పకపోతే బల్లకు దూరం. ఏ దారిన పోయినా కరుణ ముందు తలెత్తుకోలేడు. నేను రాసిన ఒక్క వాక్యానికి ఒక సంసారం చీలిపోతున్నది. గ్రూపులో నేనే రాశానని పెడితే, బావను కాపాడటానికి అబద్ధమాడుతున్నానని అందరూ దండాలు పెట్టే బొమ్మలు పెట్టారు. చిన్నాయన నన్ను గ్రూపులో నుంచి తీసేశాడు.

అందుకే ఇది నీకు రాస్తున్నాను. కాగితం మీద, నా చేతి రాతతో. ఈ రాత నీకు తెలుసు. పలక మీద దిద్దించింది నువ్వే.

నేను కోరేది మూడే. శనివారం ఈ ఉత్తరం అందగానే నువ్వే దర్శికి పో. చిన్నాయనను పంపవద్దు. జయరాజుకు, వాళ్ళ అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను ఇక్కడ ఉన్నన్నాళ్ళు అతను అక్కడే ఉండాలి, లేదా నేనే ఈ పని మానుకుని రావాలి, అది కూడా ఇప్పట్లో కాదు. దుకాణం రాసివ్వవద్దని చెప్పు. నా అభ్యంతరం ఆ మనిషి మీద కాదు, ఆ మాట మీద. అంతా తెలిసి కూడా అతను సరే అంటే, అప్పుడు ఆలోచించాల్సింది నేను. తెలిసి వద్దంటే అతని మీద నాకు కోపం లేదు. నీకు తలవంపులని తెలుసు. రేపు అతను కోటు కొనుక్కుని, దుకాణం పోగొట్టుకుని మన గడప ముందు నిలబడితే వచ్చే తలవంపులు ఇంతకంటే పెద్దవి.

రెండోది, ఏలియా బావ లేచి నిలబడకముందే నువ్వు లేచి నిలబడు. నువ్వు పెద్దగా మాట్లాడవని అందరికీ తెలుసు. అందుకే నువ్వు లేస్తే చర్చి అంతా ఊపిరి బిగబట్టి వింటుంది. "అది నా కూతురు రాసింది" అన్నా చాలు. కరుణ వినేటట్టు అను.

మూడోది చివర చెప్తాను.

రత్నక్క తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చేత సజ్జపిండి, ఎండు గోంగూర పంపించు. మోకాళ్ళకు పూసుకునే మందు రత్నక్క దగ్గర పెట్టాను, రెండు పూటలా రాయమని అమ్మకు చెప్పు. ఏలియా బావకు ఒక చలి టోపీ పంపాను, రాత్రంతా బండి దగ్గర నిలబడతాడు. అది నేరుగా అతనికి ఇవ్వవద్దు, కరుణ చేతికివ్వు. ఆమెకు నా వందనాలు చెప్పు. పాస్టరయ్యగారికి, అమ్మగారికి వందనాలు. ఆమెను ఎవరూ ఏమీ అనవద్దు, ఆమె ఉన్నదే చదివింది. చిన్నాయనకు కూడా వందనాలు. ఆయన మీద నాకు కోపం ఉన్నది, ప్రేమ కూడా ఉన్నది, రెండూ చెప్పు. అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు, ఫొటో మాత్రం తీయనివ్వకు. నాకోసం ప్రార్థన చేయండి. నేను బాగానే ఉన్నాను. మళ్ళీ చెప్తున్నాను, బాగానే ఉన్నాను.

ఇప్పుడు మూడోది. ఆదివారం మొదటి గంట కొట్టినాక నువ్వు చర్చి మెట్ల మీద ఒక్కడివే కూర్చుంటావు కదా. ఆ రోజు అమ్మ ఫోన్ నీ జేబులో పెట్టుకుని పో. నేను చేస్తాను. ఎత్తు. అమ్మకివ్వకు. జయరాజు ఏమన్నాడో ముందు చెప్పు. ఆ తర్వాత రెండో గంట కొట్టే లోపల నన్ను ఒక్క మాట అడుగు, "సుగుణా, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా?" అని. నా జవాబు విన్నాకే తాడు పట్టుకో. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే కూతురైనా చెప్పలేదు నాయనా.

నీ దీవెన కోసం తల వంచి,
నీ కూతురు
సుగుణ

మీ ఆదివారం పొద్దున నాకింకా శనివారం రాత్రే, ఆ డ్యూటీకి క్యారేజీలో రొట్టె, గోంగూర పెట్టుకుంటాను. ఈసారి వీడియో తీయను. నువ్వు అడిగే దాకా మూత కూడా తీయను.